ఎర్ర టేపు, ఆకుపచ్చ టేపు

ఆదివారం పొద్దున్న అల్లుడి పథకం చాలా చిన్నది. మామగారి జంతువుల ఆసుపత్రిలో ముసలిదైపోయిన సర్వర్ నుంచి డేటాబేస్‌ని కొత్త సర్వర్‌లోకి మార్చాలి, భోజనం వేళకి ఇంటికి రావాలి. పెళ్ళయ్యాక మామగారు అతనికి వదిలిపెట్టిన మొదటి పని ఇదే. అంతకుముందు గోడకి మేకు కొట్టమన్నా పక్కనే నిలబడి చూసేవారు. ఈసారి మాత్రం "నువ్వు చూసుకో బాబూ" అన్నారు. ఆ ఒక్క మాటకే అల్లుడు పొంగిపోయాడు.

"నేనూ రానా?" అంది భార్య. పెళ్ళికి ముందు ఆ కంప్యూటర్ల సంగతి చూసింది ఆమే.

"ఇందులో ఏముంది? డేటాబేస్ ఆపి, ఫైళ్ళు కాపీ చేసి అక్కడ పడేస్తే అయిపోయె."

ఆమె "సరే" అని వంటింట్లోకి వెళ్ళింది.

ఆ ఆసుపత్రిలో మాటలకన్నా టేపులు ఎక్కువ పనిచేస్తాయి. ఎర్ర టేపు అంటిస్తే ఆపరేషన్ కావలసిన జంతువని అర్థం. ఆకుపచ్చ అంటిస్తే ఆపరేషన్ అయిపోయింది. పసుపు అంటిస్తే ఒంటరిగా వదలకూడదు. ఈ విషయంలో ఇంతవరకు పొరపాటు జరగలేదని నర్సుకి గర్వం. కొత్త సర్వర్ కూడా అచ్చం పాతదానిలాంటి నల్లపెట్టే కావాలని మామగారు పట్టుబట్టి కొన్నారు. అందుకని అల్లుడు పాతదానికి ఎర్ర టేపు, కొత్తదానికి ఆకుపచ్చ టేపు అంటించి, తన తెలివికి తానే ముచ్చటపడ్డాడు.

పెద్ద పెద్ద ఫైళ్ళన్నీ పాతదాంట్లోంచి డిస్కులోకి, డిస్కులోంచి కొత్తదాంట్లోకి ఎక్కించాడు. దేనికీ చెందకుండా విడిగా కూర్చున్న ఒక ఫైలుని చెత్త అనుకుని వదిలేశాడు. ఏ సమాచారం ఎక్కడుందో డేటాబేస్ గుర్తుపెట్టుకునేది ఆ చెత్తలోనే. అది కనబడక కొత్త సర్వర్ అదే పేరుతో ఖాళీ ఫైలొకటి తనే తయారుచేసుకుంది.

"అయిందా బాబూ?" మామగారు తలుపు దగ్గర నిలబడ్డారు. "ముసలికుక్క బల్లమీద ఉంది. దానికి ఏ మత్తుమందు పడదో చూసి చెప్పు."

"జాబితాలో అన్నీ ఉన్నాయండి. తెరిస్తే మాత్రం అలాంటిదేదీ లేదంటోంది."

"ఉన్నట్టా, లేనట్టా?"

"ఉన్నట్టు చూపించి లేదంటోందండి."

మామగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అల్లుడుగారూ, కుక్క బల్లమీద ఉందండీ." ఆయనకి కోపం వచ్చినప్పుడే గౌరవం పెరుగుతుంది.

వెనకనుంచి కుక్క యజమాని తొంగిచూశాడు. "పోయినసారి ఏదో మందిస్తే దానికి గుండె ఆగినంత పనైందండి. పేరు నాకేం గుర్తుంటుంది? డాక్టరుగారు రాసుకున్నారుగా!"

పాత సర్వర్‌ని మళ్ళీ ఆన్ చేసి చూస్తే సరిపోయేది. కాని కొత్తదాంట్లోనే చూపించాలని అల్లుడికి పంతం. దాన్ని కూడా ఆపేసి, ఫోన్లో ఉపాయం వెతుక్కుంటూ వరండాలోకి వెళ్ళాడు.

ఈలోగా నర్సు వచ్చింది. పెట్టెలు రెండూ ఇవతలికి లాగి శుభ్రంగా దుమ్ము తుడిచి, మళ్ళీ పక్కపక్కన పెట్టింది. ఫైళ్ళు తీయడం అయిపోయిన పెట్టెకి ఇంకా ఎర్ర టేపే ఉంది. ఏ పెట్టె ముందు అల్లుడు తల పట్టుకు కూర్చున్నాడో దానికి ఆకుపచ్చ ఉంది. ఆమె మనసు ఒప్పుకోలేదు. రెండూ మార్చి అంటించింది.

అల్లుడు ఉత్సాహంగా తిరిగొచ్చి, ఈసారి మొత్తం ఫోల్డరే ఎర్రదాంట్లోంచి ఆకుపచ్చదాంట్లోకి ఎక్కించాడు. ఉన్నవాటి మీద రాసేయనా అని కంప్యూటర్ మర్యాదగా అడిగింది. అన్నిటికీ అవునన్నాడు.

ఇప్పుడు సర్వర్లు రెండూ ఒకే మాట మీద ఉన్నాయి. జాబితాలో అన్నీ ఉన్నాయి, తెరిస్తే ఏదీ లేదు.

"ఈ టేపులు ఎవరు ముట్టుకున్నారు?"

"నేనే సార్," అంది నర్సు. "ఆపరేషన్ అయినదానికి ఆకుపచ్చ, కావలసినదానికి ఎర్ర. మీరు తిరగేసి పెడితే సరిచేశాను."

ఆ గడప తొక్కిన ప్రతి పిల్లి, ప్రతి కుక్క వైద్య చరిత్ర పోయింది. దానితోపాటు "నువ్వు చూసుకో బాబూ" అన్న మాట కూడా పోయింది. రెండోదానికే అల్లుడికి ఎక్కువ ఏడుపొచ్చింది. అయినా వెళ్ళి చెప్పేశాడు.

"మామయ్యగారూ, మొత్తం పోయిందండి. నా చేతులతో నేనే చెరిపేశాను."

మామగారు ఆశ్చర్యపోలేదు. అది అల్లుడిని ఇంకాస్త నొప్పించింది. ఆయన ఫోన్ తీసి కూతురితో "అమ్మా, అది పట్టుకురా" అన్నారు.

పక్క వీధిలోనే ఇల్లు. భార్య ఒక డిస్కు పట్టుకుని వచ్చేసింది. "నిన్న సాయంత్రమే డేటాబేస్ ఆపి, ఒక్క ఫైలు కూడా వదలకుండా ఫోల్డరంతా తీసిపెట్టాను."

"నాకు చెప్పలేదే! ఎందుకు తీశావు?"

"నాన్న తీయమన్నారు."

"ఎప్పుడు?"

"మీతో 'నువ్వు చూసుకో బాబూ' అన్నారు కదా, ఆ వెంటనే."

ఆమె కొత్త సర్వర్‌లో ఫోల్డరంతా పెట్టి డేటాబేస్ నడిపించింది. ముసలికుక్క చరిత్ర తెరుచుకుంది, పడని మందు పేరు దొరికింది. ఆపరేషన్ సుఖంగా జరిగింది. బయటికొచ్చిన మామగారు కుక్క కాలికి ఆకుపచ్చ టేపు అంటించమని నర్సుకి చెప్పి, చేతులు కడుక్కున్నారు. తర్వాత పసుపు టేపు ఒక ముక్క చింపి అల్లుడి చొక్కా జేబుమీద జాగ్రత్తగా అంటించారు.

"భోజనానికి వెళ్ళు బాబూ" అన్నారు ప్రేమగా.

నర్సు గొడుగు తీసుకుని అతని వెంట ఇంటిదాకా నడిచింది.