గోడకి వీపు పెట్టి చేయవలసిన అధ్యయనం

స్వేచ్ఛ ఏడు సంతకాల తర్వాత మొదలవుతుంది. ఈ సత్యాన్ని మానవాళికి మొట్టమొదట లిఖితపూర్వకంగా అందజేసింది మా విశ్వవిద్యాలయమే (నియమావళి, పేజీ నలభై ఒకటి). విద్యార్థి తనకి నచ్చిన విషయాన్ని, తనంతట తాను, ఎవరి జోక్యమూ లేకుండా చదువుకోవడాన్ని స్వతంత్ర అధ్యయనం అంటారు. ఎప్పుడు చదవాలో, ఎలా చదవాలో, చదివాక ఏం తేలాలో అధ్యయన సంఘం చెబుతుంది. ఆ సంఘానికి నేను గుమాస్తాని. పంతొమ్మిదేళ్ళుగా ఇక్కడి స్వేచ్ఛంతా నా టేబుల్ మీంచే వెళుతోంది.

సివిల్ ఇంజినీరింగ్ చివరి సంవత్సరం అమ్మాయి ఒక దరఖాస్తు పట్టుకొచ్చింది. డిగ్రీకి రెండు క్రెడిట్లు తక్కువయ్యాయి. ఉద్యోగం ఇస్తామన్న కంపెనీ ఈ టర్ము అయ్యేలోగా పట్టా చూపించమంది. ఆమె ఎంచుకున్న విషయం మా గదిలో తూర్పు గోడకి పడిన పగులు. పగులుకి అడ్డంగా సన్నటి గాజు ముక్కలు అతికిస్తుందట, గోడ కదిలితే గాజు విరుగుతుందట.

"మా నాన్న తాపీ మేస్త్రీ సార్. ఈ పగులు చూస్తే ఆయన ఈ గదిలో నిలబడి టీ కూడా తాగడు," అంది.

అనుమతికి ముందే మొదలుపెట్టిన అధ్యయనం చెల్లదు. అందుకని, మొదలుపెట్టలేదని ధ్రువపత్రం ఇవ్వాలి. పగులుని ఇంతవరకూ చూడలేదని సంతకం పెట్టమన్నాను.

"చూడకపోతే దాని మీద చదువుతానని ఎందుకడుగుతాను సార్?"

మంచి ప్రశ్నే. దానికి ఫారంలో గడి లేదు కాబట్టి సంతకం పెట్టింది.

ఇక ఫైలు కోసం రోజూ వచ్చేది. వచ్చినప్పుడల్లా గోడ ఎదురుగానే ఉండేది (గోడలకి నియమావళి పంపే ఆనవాయితీ లేదు). మా సూపరింటెండెంట్ గారు గమనించారు. "అమ్మాయ్, అటు చూడకు. చూస్తే అధ్యయనం కిందికొస్తుంది," అన్నారు. అప్పట్నుంచి ఆమె గోడకి వీపు పెట్టి, పక్కవాటంగా నడుచుకుంటూ లోపలికొచ్చేది. ఆ వినయానికి మేమంతా ముచ్చటపడ్డాం.

చిక్కు పదకొండో గడి దగ్గరొచ్చింది. ప్రయోగం చేశాక ఏం తేలుతుందో ప్రయోగానికి ముందే అందులో రాయాలి. ఆమె, "మొదటి గట్టి వానకి గోడ లోపలికి, బీరువా వైపు కూలుతుంది" అని రాసింది. సంఘం మా గదిలోనే సమావేశమైంది. ఫ్యాన్ అటే ఉంది కాబట్టి కుర్చీలన్నీ తూర్పు గోడకే వేశాను.

డీన్ గారు ఆ వాక్యం రెండుసార్లు చదివారు. "ఇది ప్రయోగమా, శాపమా?" అన్నారు. ఫలితం సంస్థ ప్రతిష్ఠకి తగినట్టు లేదనీ, "కూలకపోవచ్చు" అని దిద్దుకొస్తే పరిశీలిస్తామనీ తీర్మానించారు. పగులు లేని పడమటి గోడని తీసుకుంటే అధ్యయనం నిరపాయంగా సాగుతుందని ఒక సభ్యుడు సూచించాడు. దాన్ని అందరూ మెచ్చుకున్నారు. ఆ అమ్మాయి మాత్రం దిద్దనంది.

ఆ సాయంత్రం గదిలో ఎవరూ లేనప్పుడు నేనే మాట కదిపాను. "ఊరికే అడుగుతున్నానమ్మా, ఎంత టైముందంటావ్?"

"చెప్తే మొదలుపెట్టినట్టవుతుంది సార్."

"ఎవరికీ చెప్పన్లే."

ఆమె గోడకి వీపు పెట్టే ఉంది. నా టేబుల్ కేసి, దాన్ని ఆనుకున్న బీరువా కేసి చూసింది. "మబ్బు పడుతోంది సార్. మీరిక్కడ కూర్చోకండి," అంది.

నేను కుర్చీ కిటికీ దగ్గరికి జరుపుకున్నాను (గాలి కోసం).

నాలుగో రోజున వాన దంచికొట్టింది. భోజనాల వేళ గోడ లోపలికి, బీరువా వైపు కూలింది. కాంటీన్‌లో రెండో టీ చెప్పడం వల్ల సూపరింటెండెంట్ గారు దక్కారు, ఆయన కుర్చీ దక్కలేదు. నేను కిటికీ దగ్గర, చేతిలో టిఫిన్ డబ్బాతో ఉన్నాను. డబ్బా మీద సున్నం పడింది, నా మీద పడలేదు.

విచారణ సంఘం ఇటుకల కింద నుంచి ఆమె ఫైలు తీయించి, పదకొండో గడిని గోడ పడిన తీరుతో పోల్చి చూసింది. అక్షరం తేడా లేదు. చూడకుండా ఇంత సరిగ్గా రాయడం అసాధ్యం గనక, అనుమతికి ముందే అధ్యయనం జరిగినట్టు రుజువైంది. దరఖాస్తు తిరస్కరించారు. వచ్చే ఏడాది మళ్ళీ పెట్టుకోవచ్చు, వేరే గోడ మీద. ఉత్తర్వు టైపు చేసింది నేనే.

అది తీసుకోవడానికి ఆ అమ్మాయి వచ్చింది. వెనకాల గోడ లేకపోయినా, అలవాటు కొద్దీ పక్కవాటంగానే నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"సార్, ఆ రోజు మీరే అడిగారనీ, నా మాట విని కుర్చీ జరిపారనీ ఒక్క ముక్క రాయండి. నా పని ఒకరికి పనికొచ్చిందని తెలిస్తే మళ్ళీ చూస్తారేమో."

చాలా సిగ్గేసింది (సిగ్గుపడటానికి ముందస్తు అనుమతి అక్కర్లేదు). సాక్షి వాంగ్మూలం ఫారం తీసి, పైనుంచి కిందిదాకా రెండుసార్లు చదివాను. పేరు, హోదా, గోడ పడినప్పుడు కూర్చున్న చోటు. అన్నీ నిజాయితీగా నింపి సంతకం పెట్టాను.

అంతకుముందు ఎక్కడ కూర్చునేవాణ్ణో రాయడానికి గడి లేదు.