కాలరు మీద రాత

ముప్పై ఏళ్ళు కుట్టుమిషను తొక్కీ తొక్కీ దర్జీగారి కుడి మోకాలిలో గుజ్జు అరిగిపోయింది. డాక్టరు ఆయన తుంటి ఎముకలోంచి మూలకణాలు తీసి మోకాలిలోకి సూదితో ఎక్కించాడు.

"ఇవి కొత్త గుజ్జుగా పెరగొచ్చు. ఒట్టేసి చెప్పలేను. కాగితాల్లో ఉన్నట్టు చెయ్యండి," అన్నాడు.

కాగితాలు రెండు. మొదటిదాంట్లో 'కాలికి విశ్రాంతి' అని ఉంది. దర్జీగారికి అది ఎంతో నచ్చింది. రెండోది బొత్తిగా నచ్చలేదు. భార్య అటు తిరగ్గానే దాన్ని కాలరు ఆకారంలో కత్తిరించి, గోడమేకుకు వేలాడే పాత నమూనాల్లో కలిపేశాడు. వాటి జోలికి ఆయన తప్ప ఎవరూ వెళ్ళరు.

ఇక మంచమెక్కాడు. కత్తెర రెండుసార్లు టకటకలాడిస్తే మంచినీళ్ళు. మూడుసార్లయితే కాఫీ.

నెల గడిచింది.

"ఇంకా ఎన్నాళ్ళండీ ఈ వైభోగం?"

"లోపల కణాలు మొలుస్తున్నాయే! కదిలితే చెదిరిపోవూ?"

"కళ్ళజోడు మీ చేతికి జానెడు దూరంలో ఉంది."

"చెయ్యి చాపితే మోకాలు లాగుతుంది."

"మోకాలు భుజం దాకా మొలిచిందా ఏమిటి?"

దేవుడికి దండం కూడా ఆయన పడుకునే పెట్టేవాడు. "స్వామీ, గుజ్జు మొలిపించు. తొందరేం లేదు."

"లేచి కూర్చోనివాడి మొర ఆయన మాత్రం లేచి వింటాడంటారా?" అని ఆవిడ సందేహం.

ఇంతలో బడిపిల్లల చొక్కాలు నలభై, సోమవారానికి ఇవ్వాల్సినవి, మీదపడ్డాయి. బొత్తాలు కుట్టడం తప్ప ఎరగని ఆవిడే తన మోకాళ్ళు నొక్కుకుంటూ మిషను ముందు కూర్చుంది. ముందుగదిలోంచి కేకేసింది.

"కాలర్లు ఎలా కత్తిరించాలండీ?"

"అదేమన్నా బ్రహ్మవిద్యా? మేకుకున్న నమూనా గుడ్డ మీద పెట్టి..." అనేసి నాలుక కరుచుకున్నాడు. "ఆగవే! ముట్టుకోకు!"

చేతిలో కత్తెరతోనే మంచం దిగి నాలుగంగల్లో ముందుగదిలో పడ్డాడు.

ఆవిడ అప్పటికే చదువుతోంది. "'మూడో వారం నుంచి రోజూ నడవాలి. తన పనులు తానే చేసుకోవాలి. పడుకుంటే కీలు బిగుసుకుపోతుంది.'" కాగితం దించి ఆయన కాళ్ళకేసి చూసింది. "ఇప్పుడు పరుగెత్తారుగా, నొప్పెట్టిందా?"

ఆయన మోకాలు తడుముకున్నాడు. వంచాడు. కాస్త బిగుసుకుందంతే.

"లేదే!" అన్నాడు, సంతోషం పట్టలేక.

"అమ్మయ్య! స్వామి కరుణించాడు," అని ఆవిడ కళ్ళకద్దుకున్నది కాలరునే. దాన్ని ఆయన చేతిలో పెట్టి, కత్తెర తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

"కత్తెర లేకుండా కాలర్లు ఎలాగే?"

మంచం కిర్రుమంది. తర్వాత కత్తెర టకటకలాడింది, మూడుసార్లు.

కాఫీపొడి డబ్బా ఎక్కడుంటుందో ఆయనకు తెలియదు.