మూడక్షరాలు తగ్గిన కచేరి

"ఇందుమూలముగా సమస్త ప్రజలకు తెలియజేయడమేమనగా: రాబోవు నాలుగు శనివారములు సాయంకాలం నాలుగు గంటలకు బళేపేట రంగప్ప సత్రమందు కచేరి జరుగును. విద్వాన్ మునినారాయణప్పగారు వేంచేసి ఆసీనులగుదురు. కోరికలు గలవారు చీటీమీద స్పష్టముగా వ్రాసి కార్యదర్శి వశము చేయవలెను. సకాలమున అందిన కోరికలు మన్నింపబడును. ఆఖరువరకు ఎవరూ లేవరాదు."

1944వ సంవత్సరం మార్చి నెల మొదటి వారంలో బెంగుళూరు గోడలమీద వెలసిన ఈ ప్రకటనలో తప్పు పట్టవలసినది ఏమీ లేదు. రాసినవారు శ్రీ నాదామృత సభ గౌరవ కార్యదర్శి వెంకటరాయప్పగారు. తాలూకా కచేరీలో ముప్పయ్యేళ్ళు శిరస్తదారుగా ఉండి విరమించినవారు. వారు పెళ్ళి శుభలేఖ రాసి ఇచ్చినా అందుకున్న చుట్టాలు జప్తు నోటీసేమోనని గుండెలు బాదుకునేవారు. అంతటి భాష ఊరికే పోకూడదనే సభవారు వారిని కార్యదర్శిగా ఎన్నుకున్నారు.

మొదట వారు "సంగీత కచేరి" అనే రాశారు. కాని అది యుద్ధకాలం. కాగితంమీద కంట్రోలు ఉంది. కరపత్రం అరచేతిని మించరాదని అచ్చాఫీసువారు తేల్చి చెప్పారు. వెంకటరాయప్పగారు అరగంట ఆలోచించి సభ పేరును కొట్టేశారు. తర్వాత "సంగీత" అనే మూడక్షరాలను కూడా కొట్టేశారు. విద్వాంసుడు వచ్చి కూర్చుని సంగీతం కాక వడ్లు దంచుతాడా అని వారి వాదన. చివర "గౌరవ కార్యదర్శి, విశ్రాంత శిరస్తదారు" అనే పంక్తిని మాత్రం ముట్టుకోలేదు. ఏ యుద్ధంలోనైనా కాపాడుకోవలసినవి కొన్ని ఉంటాయి.

ఈ నాలుగు శనివారాలమీద మునినారాయణప్ప ప్రాణమంతా వేలాడుతోంది. అతను కబ్బన్‌పేట మగ్గాల వీధివాడు. నలభై ఆరేళ్ళ వయసు, అందులో ముప్పయ్యేళ్ళు సాధన. రామనవమి పందిట్లో సభవారు అతనికి పన్నెండేళ్ళుగా మధ్యాహ్నం రెండు గంటల కచేరీయే ఇస్తున్నారు. ఆ వేళకు పందిట్లో ఉండేది పానకం తాగి, కోసంబరి తిని, కండువా తలకింద పెట్టుకున్న పుణ్యాత్ములు. పన్నెండేళ్ళలో అతని భైరవికి నిద్రపోని మనిషి మృదంగం చిన్నప్ప ఒక్కడే. అదైనా చేతులకు పని ఉండబట్టి.

మునినారాయణప్ప నిజంగా గొప్పగా పాడేవాడు. ఈ మాట వ్యంగ్యం కాదు. మెలకువగా ఉన్న మనుషులు ఒక్కసారి తన పాట వింటే చాలునని అతని కోరిక. మెలకువగా ఉన్న మనుషులు పందిట్లోకి వచ్చేది సాయంకాలం ఆరు గంటలకు. ఆ ఆరు గంటల కచేరి ఎవరికివ్వాలో నిర్ణయించేది సభాధ్యక్షులు, పట్టువస్త్రాల వ్యాపారి గోపాలప్పగారు. వారు ఈ ఏడు ఒక నియమం పెట్టారు. శనివారాల్లో ఎవరి కచేరీకి సత్రం నిండి, మంగళం దాకా జనం లేవకుండా ఉంటారో ఆ విద్వాంసుడికే రామనవమి సాయంకాలం. గత ఏడాది ఇదే సత్రంలో మునినారాయణప్ప శనివారం కచేరీకి పదకొండుమంది వచ్చారు. అందులో నలుగురు వాన తగ్గగానే వెళ్ళిపోయారు.

మొదటి శనివారం మూడు గంటలకే సత్రం నిండింది. దేవనహళ్ళి నుంచి, కె.ఆర్.పురం నుంచి, సర్జాపుర నుంచి జనం బండ్లు కట్టుకుని వచ్చారు. ఇందులో ఆశ్చర్యం లేదు. ఆ రోజుల్లో కిరసనాయిలుకు ఒక కచేరి, బట్టకు ఒక కచేరి, రాగుల లెవీకి ఒక కచేరి. ఏ సత్రంలో ఏ కొత్త కచేరి తెరిచారో దొరతనంవారికే సరిగా తెలియదు. పైగా ఈ కచేరీలో కోరికలు మన్నిస్తామని అచ్చువేసి మరీ చెప్పారు. ఇలాంటి మాట అన్న కచేరి మైసూరు సంస్థానంలో అదివరకు లేదు.

వచ్చినవారు చేతులు కట్టుకుని కూర్చున్నారు. దగ్గలేదు. పక్కవాడితో పిల్ల సంబంధం మాట్లాడలేదు. పేరు పిలిచేదాకా కచేరీలో ఎలా ఉండాలో వారికి తరతరాలుగా తెలుసు. వేదికమీద నుంచి మునినారాయణప్ప వారిని చూసి కళ్ళు తుడుచుకున్నాడు. ఇంతమంది రసికులు ఇన్నాళ్ళు ఏ ఊళ్ళలో దాగి ఉన్నారో అతనికి అర్థం కాలేదు.

చీటీలు గంపలోకి వచ్చాయి. వెంకటరాయప్పగారు మొదటిది విప్పారు. "మా మగ్గానికి నూలు ఇప్పించవలెను" అని ఉంది. రెండోదాంట్లో కిరసనాయిలు, మూడోదాంట్లో పొలం హద్దురాయి. వారు ఏమాత్రం ఉలిక్కిపడలేదు. ముప్పయ్యేళ్ళుగా వారి చేతికి వచ్చిన చీటీలన్నీ ఇలాంటివే. ఫలానా కృతి పాడమని ఎవరైనా రాసి ఉంటే అప్పుడు ఉలిక్కిపడేవారు. వారి చెయ్యి దానంతటదే కదిలి ప్రతి చీటీకీ నంబరు వేసి, "చూడబడినది" అని సంతకం పెట్టింది.

మునినారాయణప్ప ఆత్రంగా వంగి, "ఏం కోరినారప్పా?" అని అడిగాడు.

"అందరిదీ ఒకే కోరిక. దయ చూపమని," అన్నారు వెంకటరాయప్పగారు. నాలుగు వందల చీటీల సారాంశాన్ని ఇంత క్లుప్తంగా చెప్పగలిగినవాడు మరొకడు లేడు.

అయితే భైరవే కావాలన్నమాట అనుకున్నాడు మునినారాయణప్ప. అతని గురువు కట్టిన పల్లవి ఒకటుంది. "నిలిచి నిలిచి కాళ్ళు సోలె, నా మొర వినవేమి సామి" అని. దేవుణ్ణి ఉద్దేశించి రాసిన మాటలు. ఆ పల్లవి ఎత్తుకుని, ఆ ఒక్క పంక్తినే మెల్లగా, గట్టిగా, కిందిస్థాయిలో, పైస్థాయిలో తిప్పి తిప్పి ముప్పావుగంట పాడాడు. సత్రంలో గాలి కూడా కదల్లేదు. వెనకవైపు ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మంగళం దాకా ఒక్కడు లేవలేదు. వెళ్ళేటప్పుడు తమ చీటీ నంబరు, సంతకం ఉన్న రసీదు ముక్క చేతబట్టుకుని పరమానందంతో వెళ్ళారు. వచ్చిన పూటే సంతకం పెట్టే కచేరి ఉందనే వార్త రాత్రికల్లా సిటీ మార్కెట్టు దాటింది.

రెండో శనివారం గోపాలప్పగారు స్వయంగా విచ్చేశారు. ముందు వరసలో వారికోసం ఒకే ఒక కుర్చీ. వారు లోపల అడుగుపెట్టగానే సత్రంలోని జనమంతా లేచి నిలబడి చేతులు జోడించారు. పెద్ద దొర వచ్చాడని వాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు, కుర్చీ చెప్పింది. గోపాలప్పగారు తన కళాపోషణ ఇంత దూరం పాకినందుకు ముచ్చటపడి ప్రసంగించారు. "సోదర రసికులారా! ప్రపంచమంతా తుపాకుల మోతలో మునిగి ఉన్న ఈ ఘడియలో, మీవంటి సామాన్యులు నాదబ్రహ్మను వెదుక్కుంటూ ఎడ్లబండ్లమీద వచ్చారంటే, దానికి కారకులెవరో చెప్పుకోవడం నాకు బాగుండదు." జనం శ్రద్ధగా విన్నారు. కచేరీలో మొదట ఇలాంటిది ఒకటి వినవలసి ఉంటుంది.

ఆ సాయంత్రం కూడా అదే పల్లవి పాడితే మంగళం దాకా ఎవరూ లేవలేదు. నియమం ప్రకారం మునినారాయణప్పకు రామనవమి సాయంకాలం దక్కినట్టే. కాని గోపాలప్పగారు తొందరపడే మనిషి కారు. "జనం ఉన్నారప్పా, కాదనను. ఒక్కరి భుజంమీదైనా శాలువా ఉండాదా? చూస్తాంలే," అన్నారు. మునినారాయణప్ప చేతులు కట్టుకుని నిలబడి, "చిత్తం" అన్నాడు. పన్నెండేళ్ళుగా ఆ మాట అనడంలో అతనికి మంచి సాధన ఉంది.

మూడో శనివారం అతను భైరవిని ప్రాణం పణంగా పెట్టి పాడాడు. "నా మొర వినవేమి సామి" అన్నప్పుడల్లా, తెలిసో తెలియకో, కళ్ళు కుర్చీవైపే వెళ్ళాయి. కుర్చీలో గోపాలప్పగారు తల ఊపుతున్నారు. తొడమీద తాళం వేస్తున్నారు. "భళా" అంటున్నారు. నలభయ్యోసారి అదే పంక్తి వచ్చినప్పుడు వెనకనుంచి ఒక ముసలామె లేచింది. దేవనహళ్ళి దగ్గర పల్లెలో రెండెకరాల రైతు సొన్నమ్మ. హద్దురాయి చీటీ ఆమెదే. మనుషులను తప్పించుకుంటూ వచ్చి కుర్చీ ముందర నిలబడింది. చిన్నప్ప చేతులు మృదంగంమీదే ఆగిపోయాయి.

"ఓ సామీ! మీ కచేరి మాటలు నాకు తెలీవు. తెలుగు మాత్రం తెలుస్తాది. నా రాయి సంగతి అట్లుండనీ. ఈయప్ప ఎవురో గానీ మూడు వారాల నుంచీ నిలిచి నిలిచి కాళ్ళు పోయినాయి, నా మాట వినవా అని నిన్నే అడుగుతా ఉండాడు. మెల్లగా అడిగినాడు, గొంతెత్తి అడిగినాడు, ఏడ్చి అడిగినాడు. నువ్వు తలకాయ ఊపుతావు, తొడ కొట్టుకుంటావు, బలే అంటావు. ఇస్తాననీ చెప్పవు, ఇయ్యననీ చెప్పవు. ఇదేం న్యాయమప్పా? ఆయప్పకు ఏం కావల్నో సుమ్మనే మాట్లాడకుండా ఇచ్చేయరాదా?"

"ఇచ్చేయండి సామీ!" అని సత్రమంతా లేచింది.

"ఇది సంగీతమమ్మా" అని గోపాలప్పగారు చెప్పవచ్చు. కాని అలా చెప్తే, ఈ మూడు వారాల జనం సంగీతానికి రాలేదని ఒప్పుకోవాలి. తన కళాపోషణ గురించి చెప్పుకుని వారు ఇప్పటికే ఊళ్ళోని తక్కిన సభాధ్యక్షులందరి కడుపులూ మండించి ఉన్నారు. అందుచేత వారు లేచి గొంతు సవరించుకున్నారు. "ప్రజాభిప్రాయాన్ని గౌరవించి, విద్వాన్ మునినారాయణప్పగారికి రామనవమినాడు సాయంకాలం ఆరు గంటల కచేరి మంజూరు చేయడమైనది."

సొన్నమ్మ వేదిక దగ్గరికి వచ్చింది. "నీ పని అయిపోయిందప్పా. ఇంక ఏడవొద్దు," అని మునినారాయణప్ప మోకాలు తట్టింది. ముప్పయ్యేళ్ళలో తన పాట విన్న మొదటి మనిషి ఈమేనని అతనికి తెలిసిపోయింది.

ఆ తరువాత సభవారు విచారణ జరిపారు. చీటీలన్నిటినీ తగిన చర్య నిమిత్తం తగిన కచేరీకి పంపించారు. ఏది తగినదో రాయలేదు. కరపత్రంలో "సంగీత" అనే మూడక్షరాలు తిరిగి చేర్చారు. నాలుగో శనివారం తొమ్మిదిమంది వచ్చారు. మృదంగం ఒంటరిగా మోగే తని మొదలుకాగానే ఐదుగురు లేచి కాఫీకి వెళ్ళారు. అది తని అని తమకు తెలుసునని చూపించడానికి రసికులకు మరో మార్గం లేదు.

రామనవమి సాయంకాలం పందిట్లో శాలువాలు తళతళలాడాయి. తాడు కట్టి, ఆహ్వానపత్రిక ఉన్నవారినే లోపలికి వదిలారు. గోపాలప్పగారి కోరికమీద మునినారాయణప్ప అదే పల్లవి ఎత్తుకున్నాడు. అందరూ మెలకువగా ఉన్నారు. వేళ్ళు లెక్కపెడుతున్నారు. ఏ అక్షరం దగ్గర ఎత్తుకున్నాడు, ఎన్నో దెబ్బకు దిగాడు అని చెవుల్లో చెప్పుకుంటున్నారు. "కాళ్ళు సోలె అంటే ఏమండీ?" అని ఒకాయన అడిగితే, "సాహిత్యంలోకి దిగకండి, లయ పోతుంది," అని పక్కాయన మందలించాడు. ఆ మందలించినాయన ఇంట్లో మాట్లాడేది తెలుగే.

తాడు అవతల జనంలో సొన్నమ్మ కనిపించింది. మునినారాయణప్పకు ఒళ్ళు పులకరించింది. శాలువాలమీదుగా ఆమెకోసమే పాడాడు. అంత బాగా ముందెన్నడూ పాడలేదు. తని మొదలై, లోపల సగంమంది కాఫీకి లేచినప్పుడు, ఆమె వెదురుకంబం పక్కనుంచి వేదిక దగ్గరకు చేరింది.

"ఏమప్పా, అడిగింది ఇచ్చినారు గదా. ఇంకా ఏం కావల్నని అడుగుతా ఉండావు?"

"ఏం లేదమ్మా. ఇది పాట."

"పాటా? అయితే ఆ పొద్దు అడిగింది?"

కాదని చెప్పవలసింది. ఆ రోజు నిజంగానే అడిగానని, నీవల్లే దక్కిందని చెప్పవలసింది. ముందు కుర్చీలో గోపాలప్పగారు ఇటే చూస్తున్నారు. మునినారాయణప్ప తల దించుకున్నాడు. "అదీ పాటేనమ్మా," అన్నాడు.

"నేను నిజమే అనుకొంటినే," అంది సొన్నమ్మ. కొంగు సవరించుకుని వెళ్ళిపోయింది.

సభ నివేదికలో ఆనాటి కచేరి గురించి వెంకటరాయప్పగారు ఇలా నమోదు చేశారు: "మంగళం వరకు ఎవరూ లేవలేదు. కాఫీకి లేచినవారు తిరిగి వచ్చిరి గనుక లేచినట్టు భావింపరాదు. తాడుకు అవతలినుండి ఒక పల్లెటూరి స్త్రీ మధ్యలో వెళ్ళిపోయినట్టు తెలియవచ్చినది. ఆమెకు ఆహ్వానపత్రిక లేనందున ఆమె వచ్చినట్టే లెక్క కాదు. రాని మనిషి లేచిపోవుట అసంభవము."

నివేదిక సరిగా ఉన్నదని విద్వాన్ మునినారాయణప్ప కింద సంతకం చేశాడు.