పొగడ్త గండం

ఆసుపత్రి లాండ్రీ ఇన్‌చార్జి ఆ ఉదయం అద్దం ముందు నిలబడి, గడ్డం సగం గీసుకుని, మిగతా సగం నురుగుతో ఉండగానే ఒక మంచి మాట సాధన చేస్తున్నాడు. "మీ సేవలు మరువలేనివి. మీరు లేని ఈ గదిని ఊహించుకోలేం" అని గొంతు తగ్గించి, కళ్లు అరమూసి అన్నాడు.

వంటింట్లోంచి భార్య గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది. "అయ్యయ్యో, ఎవరు పోయారండీ?"

"ఎవరూ పోలేదు. పొగడటం ప్రాక్టీసు చేస్తున్నా."

"పొగడటం ఇలాగా? కాస్త నవ్వు మొహం పెట్టండి!"

ఆయన నవ్వాడు. బడికి తయారవుతున్న కూతురు తలుపు దగ్గర నుంచి తొంగిచూసి, "అమ్మా, నాన్నకి పన్ను నొప్పా?" అని అడిగింది.

ఈ ప్లాను భార్యదే. కిందటి నెల లాండ్రీలో ఇద్దరు మానేశారు. ఇంకొక్కరు మానేసినా లాండ్రీ మొత్తం బయటి కాంట్రాక్టరుకి అప్పగించేస్తాననీ, కాగితం సిద్ధంగా ఉంది, సంతకమే తరువాయి అనీ సూపరింటెండెంటు తేల్చి చెప్పాడు. అంటే పన్నెండు మంది ఉద్యోగాలు గల్లంతు, వాటితోపాటు ఇన్‌చార్జిదీ. "వాళ్లని ఎప్పుడైనా మెచ్చుకున్నారా? మాటేగా, మీ సొమ్మేం పోతుంది?" అని భార్య నిలదీసింది. ఆయన వేళ్లు మడిచి లెక్కపెట్టి, పద్నాలుగేళ్లలో ఐదుసార్లు మెచ్చుకున్నానన్నాడు. నిజమే. నలుగురు రిటైరైన రోజున, ఒకాయన పోయాక పెట్టిన సంతాప సభలో.

ఆయన చెడ్డవాడేం కాదు. పని సరిగ్గా జరిగినప్పుడు మాట్లాడటానికేముంటుందని ఆయన నమ్మకం. అందుకే సరిగ్గా జరిగిన పని మీద ఆయన నోరు ఏనాడూ తెరుచుకోలేదు, జరగని పని మీద ఏనాడూ మూతపడలేదు.

బట్టలు మడిచే గదిలో పొడవాటి స్టీలు బల్ల దగ్గర పెద్దక్క నిలబడి ఉంది. వయసులో ఇన్‌చార్జి కంటే చిన్నదే అయినా లాండ్రీ అంతటికీ ఆవిడ పెద్దక్కే. డాక్టర్లు తొడుక్కునే పచ్చ గౌన్లు, రోగి మీద కప్పే గుడ్డలు ఒక పద్ధతిలో మడిచి, ఆపరేషన్‌కి ఒక సెట్టుగా కట్టడం ఆవిడ పని. గౌను బయటివైపు చెయ్యి తగలకుండా విప్పుకునేలా మడవాలి. ఆ మడత అందరికీ వస్తుంది, కానీ ఆవిడకి కుదిరినట్టు ఎవరికీ కుదరదు. రోజూ "ఇంకా ఎంతసేపు?" అని మాత్రమే అడిగే ఇన్‌చార్జి ఆ రోజు బల్లకి ఎదురుగా వచ్చి చేతులు కట్టుకున్నాడు.

"అమ్మా, పదకొండేళ్లుగా మీ పని చూస్తున్నాను. మీ సేవలు మరువలేనివి. మీరు లేని ఈ గదిని ఊహించుకోలేం" అన్నాడు. భార్య చెప్పింది గుర్తొచ్చి, చివర్లో నవ్వాడు కూడా.

పెద్దక్క చేతిలోంచి గౌను జారింది. "ఎప్పట్నుంచి సార్?" అంది నీరసంగా.

తన పని ఎప్పట్నుంచి నచ్చిందని అడుగుతోందనుకున్నాడాయన. "చాలా రోజుల్నుంచే అనుకుంటున్నానమ్మా. ఇవాళ్టికి నోరు పెగిలింది. పైన సూపరింటెండెంటుగారికీ చెబుతాను. కావాలంటే కాగితం మీద రాసిస్తాను."

"కాగితం కూడానా సార్!" ఆవిడ కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి.

ఇన్‌చార్జికి ఒళ్లు పులకరించింది. ఒక్క మాటకే కన్నీళ్లు! ఇంత శక్తిని నోట్లో పెట్టుకుని పద్నాలుగేళ్లు ఊరికే కూర్చున్నానే అని నొచ్చుకుని, అదే ఊపులో బట్టలుతికే గదివైపు నడిచాడు. కానీ ఆయన ముందు తలుపులోంచి వెళ్లేలోపే కబురు వెనక తలుపులోంచి చేరిపోయింది. "పెద్దక్కని తీసేశారట. సార్ నవ్వుకుంటూ ఇటే వస్తున్నారు!" అని ఎవరో కేకేశారు.

ఉతికే యంత్రాలు చూసుకునే సబ్బుల బావ గభాలున ఓ యంత్రం వెనక్కి దూరాడు. ఇన్‌చార్జి వంగి చూసి మురిసిపోయాడు.

"అక్కడ కూడా శుభ్రం చేస్తున్నారా! మీ చేతిలో మరకన్నది నిలవదయ్యా. మీ సేవలు..."

"వద్దు సార్! పిల్లలు చదువుకుంటున్నారు సార్!"

"వాళ్లూ మీలాగే పైకి రావాలి" అని దీవించి, ఇన్‌చార్జి పక్కకి తిరిగాడు. అక్కడ మాసిన బట్టల బండి తోసే మనిషి గోడకి అతుక్కుపోయి ఉన్నాడు. మంచి దిట్టమైన మనిషి, చేరి తొమ్మిది రోజులైంది.

"ఈ తొమ్మిది రోజులూ మరువలేనివి" అన్నాడు ఇన్‌చార్జి.

"నేనేం తప్పు చేశానో చెప్పండి సార్, దిద్దుకుంటాను!"

"తప్పా? ఎంత వెతికినా దొరకలేదు!"

"వెతికారా సార్!" అని అతను బండి మీదే కూలబడ్డాడు.

ముగ్గురు చాలనుకుని ఇన్‌చార్జి తన గదికి వెళ్లి హాయిగా టీ తెప్పించుకున్నాడు. ఇటు బట్టలు మార్చుకునే గదిలో ముగ్గురూ తలలు పట్టుకుని కూర్చున్నారు. తీసేసేదాకా ఉండటమెందుకు, మనమే మానేస్తే మర్యాదైనా మిగులుతుందని బావ తేల్చాడు. పెద్దక్క, బండి మనిషి తెల్లకాగితాల మీద రాశారు. బావకి కాగితం దొరక్క సబ్బుపొడి డబ్బా అట్ట చింపి రాశాడు. ఏడాదిగా రమ్మని పిలుస్తున్న పక్కవీధి నర్సింగ్ హోమ్‌కి పెద్దక్క ఫోన్ చేసి, రెండింటికి వచ్చి చేరతానంది. పదకొండేళ్ల చోటు వదలడం ఆవిడకి బొత్తిగా ఇష్టం లేదు. ఫోన్ పెట్టేసి ముక్కు చీదుకుంది.

మిగిలిన తొమ్మిది మందీ, పెద్దక్కంత మనిషిని ఉత్తచేతులతో ఎలా పంపుతామని బాధపడ్డారు. ఇదివరకు వెళ్లినవాళ్లందరికీ గోడగడియారం ఇచ్చారు. ఇప్పుడు బజారుకి పోయే వ్యవధి లేదు. అందుకని లాండ్రీ గోడకున్న గడియారాన్నే దించి, తుడిచి, పాత కాగితంలో చుట్టి ఆవిడ చేతిలో పెట్టారు. ఆపైన గంట ఎంతైందో లాండ్రీలో ఎవరికీ తెలియలేదు. తెలుసుకోవాలన్న ధ్యాసా లేదు. సగం మడిచిన గౌన్లు బల్ల మీద అలాగే ఉండిపోయాయి.

ఇన్‌చార్జి గదిలో ఫోన్ మోగింది. ఆపరేషన్ థియేటర్ నర్సు గొంతు చెవి తూట్లు పడేలా వినిపించింది. "పన్నెండుకల్లా రావాల్సిన సెట్లేవండీ? పది నిమిషాలు దాటింది! సూపరింటెండెంటుగారికి చెప్పేశాను, మీటింగ్ అవగానే ఆయన కిందికి వస్తారట!"

ఆయన మడత గదికి పరుగెత్తాడు. బల్ల దగ్గర మనిషి లేదు. బల్ల మీద రెండు కాగితాలు, ఒక అట్ట. ఒక్కరు మానేస్తేనే కొంప మునుగుతుంది, ఇక్కడ ముగ్గురు! పైనున్న కాగితం తీశాడు. "మీరు చెప్పిన మంచి మాటలకి కృతజ్ఞతలు. మీరు తీసేసేలోపు నేనే వెళ్తున్నాను" అని ఉంది. మూడుసార్లు చదివాక గాని ఆయనకి విషయం తలకెక్కలేదు.

గేటు దగ్గర పెద్దక్క ఒక చేత్తో సంచి, ఒక చేత్తో గడియారం పట్టుకుని ఆటో కోసం చూస్తోంది. ఇన్‌చార్జి రొప్పుతూ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"ఎవరమ్మా నిన్ను తీసేసింది?"

"పొద్దున్నే పొగిడారుగా సార్!"

"పొగిడితే తీసేసినట్టా?"

"మరి ఇన్నేళ్లలో మీరు ఎవర్ని పొగిడారో చెప్పండి. బాయిలర్ బాబాయ్‌ని పొగిడారు, సాయంత్రానికి ఇంటికెళ్లిపోయాడు. ఇస్త్రీ మామయ్యని పొగిడారు, ఆయనైతే అప్పటికే పోయాడు. ఉన్న మనిషిని ఒక్కర్ని పొగిడారా?"

ఇన్‌చార్జి వేళ్లు మడిచి లెక్కపెట్టబోయి మానేశాడు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. చివరికి, "నాకు పొగడటం చేతకాదమ్మా. నిన్ను పంపించేస్తే ఈ లాండ్రీ సాయంత్రందాకా కూడా నడవదు. ఎలా చెబితే నమ్ముతావు?" అన్నాడు.

"తిట్టండి సార్, నమ్ముతాను."

"అక్కడ థియేటర్‌వాళ్లు కాచుక్కూచుంటే ఇక్కడ నిలబడి కబుర్లా? సెట్లెవరు కడతారు, మీ తాతా?"

పెద్దక్క మొహం చేటంతైంది. గడియారం ఆయన చేతిలో పెట్టి చరచరా లోపలికి నడిచింది. నాలుగడుగులు వేసి ఆగి, వెనక్కి తిరిగింది. "సార్, తీసేయడానికి కాకపోతే ఆ మాటలెందుకు చెప్పారు?"

"నిజం కాబట్టి."

"నేను సరిగ్గా వినలేదండీ. భయంలో సగం చెవినే పడలేదు. మళ్లీ చెప్పండి."

ఈసారి ఆయనకి వీడ్కోలు సభ మాటలు నోటికి రాలేదు. కాసేపు తడుముకుని, గడియారం కేసి చూస్తూ చెప్పాడు. "కిందటేడు ఒక సెట్టులో దూదిపోగు కనిపించిందని ముప్పై సెట్లూ విప్పి మళ్లీ మడిచావు. ఆలస్యమైందని నేను అందరి ముందూ అరిచాను. నువ్వు విప్పకపోతే ఆ పోగు ఎవరి కడుపులోనో మిగిలిపోయి ఉండేది. ఆ రోజు నువ్వు చేసిందే కరెక్టు. అది నాకు అప్పుడే తెలుసు. చెప్పలేదు."

ఆ రోజు తను ఇంటికెళ్లి అన్నం తినలేదని పెద్దక్క ఆయనకి చెబుదామనుకుని మానేసింది. కొంగుతో కళ్లు తుడుచుకుని, నర్సింగ్ హోమ్‌కి ఫోన్ చేసి, రావడం లేదని చెప్పింది. జీతం పెంచుతామన్నారో ఏమో, "అది కాదండీ, ఇక్కడ పనుంది" అని పెట్టేసింది.

ముప్పావు గంటలో సెట్లన్నీ వెళ్లాయి. ఇన్‌చార్జి కూడా ఒక చెయ్యి వేశాడు గాని, ఆయన మడిచిన రెండు గౌన్లనీ పెద్దక్క చడీచప్పుడూ లేకుండా విప్పి మళ్లీ మడిచింది. పెద్దక్క అసలు సంగతి చెప్పేసరికి బావ తన అట్టనీ, బండి మనిషి తన కాగితాన్నీ చింపేసుకున్నారు.

గండం గడిచిందనుకుని ఇన్‌చార్జి తన గదిలో కూర్చున్నాడో లేదో, తలుపు దగ్గర అలికిడైంది. పొద్దున్న ఆయన్ని చూసి దాక్కున్న మిగతా తొమ్మిది మందీ వరసగా నిలబడి ఉన్నారు.

"ఏంటి సార్, వాళ్ల ముగ్గురే పని చేస్తున్నారా? మేం గడ్డి పీకుతున్నామా?" అంది అందరికంటే ముందున్న కుట్టుపని ఆవిడ.

ఇన్‌చార్జి చెమట తుడుచుకుని మొదలుపెట్టాడు. వాళ్లు ఎప్పుడెప్పుడో చేసిన పని ఒక్కొక్కటే తవ్వి తీశాడు. చిరిగిన దుప్పటికి కుట్టు కనిపించకుండా అతుకు వేయడం, జ్వరంతోనే బాయిలర్ దగ్గర నిలబడటం. అన్నీ తనకి గుర్తున్నాయని తెలిసి వాళ్లకంటే ఆయనే ఎక్కువ ఆశ్చర్యపోయాడు. తొమ్మిదో మనిషి నవ్వుకుంటూ వెళ్లాక తలెత్తి చూస్తే, వరసలో పదో మనిషి ఉన్నాడు. సూపరింటెండెంటు. చేతిలో కాంట్రాక్టు కాగితం, జేబులో పెన్ను.

"సార్, సెట్లు వెళ్లిపోయాయండీ! ఎవరూ మానెయ్యలేదండీ!" అని ఇన్‌చార్జి లేచి నిలబడ్డాడు.

"విన్నాను, విన్నాను." సూపరింటెండెంటు గొంతు సవరించుకుని, కిటికీలోంచి బయటికి చూశాడు. "నేనూ పంతొమ్మిదేళ్లుగా చేస్తున్నానయ్యా ఇక్కడ."

ఆయన కదల్లేదు. ఇన్‌చార్జికి విషయం బోధపడింది. ఎంత తవ్వినా ఈ మనిషి గురించి ఒక్కటీ దొరకడం లేదు. అబద్ధం చెబుదామంటే అదీ చేతకాదు. చివరికి, "మీ సంతకం చాలా అందంగా ఉంటుందండీ" అన్నాడు.

సూపరింటెండెంటు మొహం వెలిగిపోయింది. "అవునా? ఎవరూ అనలేదే!" అంటూ వెళ్లిపోయాడు.

ఆ సంతకం తర్వాత చాలా కాగితాల మీద పడింది గాని, కాంట్రాక్టు కాగితం మీద మాత్రం పడలేదు.