మామగారి గేమ్ పెట్టెకు కొత్త కన్ను

శనివారం పొద్దున హార్మెన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, మామగారి గేమ్ పెట్టెలో డిస్కును చదివే కన్ను, అదే పాడైన లేజరు, తీసి కొత్తది వెయ్యాలి, ఆ తర్వాత హాల్లో గుండ్రంగా కుర్చీలు సర్దాలి. మధ్యాహ్నం మామగారు ఊబెలె డెబ్భయ్యో పుట్టినరోజు వేడుక ఇక్కడే. ఆయన స్కేటింగ్ సంఘం మిత్రులంతా వస్తున్నారు. వాళ్ళందరి ఎదుట ఆ పెట్టెను టీవీకి తగిలించి ఆయన్ను ఆనందంలో ముంచాలని హార్మెన్ కోరిక.

ఆ పెట్టె ఊబెలెకు ప్రాణమని ఊరంతా అనుకుంటుంది. ఇరవై ఏళ్ళ నాటిది. అందులో ఆయన ఆడేది ఒకటే ఆట, చేపలు పట్టడం. ప్రతి బుధవారం సంఘం వాళ్ళు ఆయనింట చేరి వంతులవారీగా గాలం వేస్తారు. నెల కిందట దానికి చూపు మందగించింది. డిస్కు పెడితే గిర్రున తిరుగుతుంది, మూలుగుతుంది, ఆగిపోతుంది. బాగు చేయించమని మిత్రులు పోరగా పోరగా ఊబెలె దాన్ని చంకన పెట్టుకొచ్చి అల్లుడి చేతిలో పెట్టాడు.

"ఊళ్ళో రిపేరు కొట్టుందిగా నాన్నా?" అంది హార్మెన్ భార్య యిక్కె.

"ఇంట్లో అల్లుడుండగా కొట్టెందుకమ్మా?" అన్నాడాయన.

హార్మెన్ ఉద్యోగం పడవలొచ్చినప్పుడు కాలువ మీద వంతెన ఎత్తడం, వెళ్ళాక దించడం. అయినా ఆ మాటతో అతనికి తనలో ఒక ఇంజనీరు కనిపించాడు. ఇంటర్నెట్‌లో వెతికి లేజరు తెప్పించాడు. బొమ్మ అచ్చం పాతదానిలాగే ఉంది. పేరులోని అంకెలన్నీ ఒకటే, చివరి అక్షరం మాత్రం వేరు. అది అలంకారానికి పెట్టి ఉంటారనుకున్నాడు.

అలంకారం కాదని పెట్టె విప్పాక తెలిసింది. మరలు సరిపోయాయి, చట్రం సరిపోయింది. కానీ పట్టీ కేబుల్ దూరాల్సిన సందు వెంట్రుకవాసి ఇరుకు. హార్మెన్ నెట్టాడు, బుజ్జగించాడు, తిట్టాడు. కేబుల్ చెవిన పెట్టలేదు.

"ఇప్పటికైనా కొట్టుకి తీసుకెళ్ళరాదూ?" యిక్కె వంటింట్లోంచి అడిగింది.

"అయిపోవచ్చింది! పక్కింటి పిన్నిని ఓ చిన్న సాయం అడిగొస్తా."

పక్కింటి ఫ్రౌక్యె దగ్గర అదే కంపెనీ పెట్టె ఉంది. ఆవిడ మోకాళ్ళ నొప్పులకు మందుగా రోజూ దాని ముందు నాట్యం చేస్తుంది. తలుపు తీస్తూనే హార్మెన్ చెయ్యి పట్టుకుని ఊపేసింది. ఆ ఊళ్ళో ఒకరి పుట్టినరోజైతే అయినవాళ్ళందరికీ అభినందనలు చెప్పడం రివాజు.

"మీ మామగారి పుట్టినరోజుకి అభినందనలయ్యా!"

"మీకూ అభినందనలు పిన్నీ. మీ పెట్టె ఒక్క గంట ఇస్తారా? ఊరికే పోల్చి చూసుకుంటా."

"పట్టుకెళ్ళు. కానీ సాయంత్రానికి నా నాట్యం నాక్కావాలి సుమా!"

పోల్చి చూడటమంటే హార్మెన్ లెక్కలో విప్పడమే. ఫ్రౌక్యె పెట్టెలోని లేజరు ఊబెలె పెట్టెలో వేలికి ఉంగరంలా ఇమిడిపోయింది. కేబుల్ కూడా మారు మాట్లాడకుండా దూరింది. హార్మెన్ విజయగర్వంతో మీట నొక్కాడు. డిస్కు తిరిగింది, మూలిగింది, ఆగిపోయింది. ఫ్రౌక్యెది మరుసటేడు వచ్చిన రకం. ఇమిడినంత మాత్రాన కాపురం కుదరాలని లేదు. లోపలి బోర్డు తన పాత లేజరు చూపుకే అలవాటు పడి ఉంది, ఈ పరాయి లేజరు భాష దానికి అర్థం కాలేదు.

పోనీలే, ఎవరిది వాళ్ళకిచ్చేద్దామని లేజరు ఊడదీసి, ఉన్ని మేజోళ్ళు ఈడ్చుకుంటూ తివాచీ మీదుగా అవతలి బల్ల దగ్గరికి నడిచాడు. దాన్ని బిగించబోతుంటే వేలి కొసన చిటుక్కుమని ఓ నిప్పురవ్వ. అంతే. ఫ్రౌక్యె పెట్టెకూ చూపు పోయింది.

ఇప్పుడతని చేతిలో ఒక గుడ్డి పెట్టె స్థానంలో రెండున్నాయి. బాల్యమిత్రుడు వీబెకు ఫోన్ చేశాడు. నిజం చెబితే ఊరంతా నవ్వుతుంది కనుక చిన్న అబద్ధమాడాడు.

"మామయ్యకో కానుక తలపెట్టానురా. పాత గేమ్ పెట్టెలు పోగుచేస్తున్నా. నీ దగ్గరున్నది పట్టుకురా. ఎవరితోనూ అనకు."

"ప్రాణం పోయినా అనను," అన్నాడు వీబె.

వీబె ప్రాణం పోలేదు, అందుకని అన్నాడు. రొట్టెల కొట్లో అన్నాడు, సైకిలు ఆపి చేపల బండి దగ్గర అన్నాడు. నోట్లోంచి నోట్లోకి మాట పెరిగింది. హార్మెన్ మామగారి పేర పాత పెట్టెల మ్యూజియం పెడుతున్నాడట. సంఘం పెద్దలంతా అటకలెక్కి, పిల్లలు వదిలేసిపోయిన పెట్టెల దుమ్ము దులిపారు.

మధ్యాహ్నం తలుపు గంట మొదటిసారి మోగేసరికి హార్మెన్ విప్పిన సామానంతా దుప్పట్లో చుట్టి స్నానాలగదిలోకి తోశాడు. గుమ్మంలో సంఘం కార్యదర్శి గెర్లోఫ్, రెండు చేతులా ఒక పెట్టె.

"అభినందనలు హార్మెన్! మామగారి కోసం ఇంత చేసే అల్లుణ్ణి నేను చూళ్ళేదు. ఇది నా వంతు!"

వెనకాల ఇంకొకాయన, ఇంకో పెట్టె. ఆయన వెనక మరొకాయన. ప్రతివాడూ ఊబెలెను అభినందించి, యిక్కెను అభినందించి, హార్మెన్ను కావలించుకుని, పెట్టెను గోడవార పెట్టి కుర్చీలో కూర్చున్నాడు. గులాబీ రంగు కేకు, కాఫీ పంచుతూ యిక్కె భర్త పక్కకు వచ్చింది.

"ఏమిటిదంతా?"

"తర్వాత చెప్తా."

"స్నానాలగదిలో మరలు దొరికాయి నాకు."

"అదీ తర్వాతే చెప్తా."

అప్పుడతనికి బుర్రలో దీపం వెలిగింది. ఇన్ని పెట్టెల్లో మామగారి రకానిది ఒక్కటైనా ఉండదా? మోకాళ్ళ మీద వంగి కుర్చీల వెనకాల పాక్కుంటూ, ఒక్కో పెట్టెనూ బోర్లించి అడుగున అక్షరాలు చదవసాగాడు. ఒకటి ముందు ఏటిది. ఒకటి తర్వాతి ఏటిది. వీబె తెచ్చినది అసలు గేమ్ పెట్టే కాదు, సినిమా ప్లేయరు.

"చూడండి, ఎంత ఆత్రంగా చూసుకుంటున్నాడో," అన్నాడొకాయన. "కుర్రాడికి మాట పెగలడం లేదు."

గెర్లోఫ్ పెట్టె అడుగున అంకెలు మామగారి పెట్టె అంకెలతో కలిశాయి. చివరి అక్షరమూ కలిసింది. దాన్ని గుండెకు హత్తుకుని హార్మెన్ స్నానాలగదిలో దూరి గడియ పెట్టాడు. ఈసారి మేజోళ్ళు విప్పేశాడు. మళ్ళీ రవ్వ పుట్టకుండా ఒక చేత్తో ఇనుప కుళాయి పట్టుకుని, రెండో చేత్తో మరలు తిప్పి, దాని లేజరును మామగారి పెట్టెలో బిగించాడు. బయట తలుపు కొడుతున్నారు.

"హార్మెన్, ఇంకెంతసేపయ్యా? కాఫీ తాగినవాళ్ళం!"

"వస్తున్నా, వస్తున్నా!"

బయటికొచ్చి, మేజోళ్ళు లేని కాళ్ళతో హాలు మధ్య నిలబడి, మామగారి పెట్టెను టీవీకి తగిలించి డిస్కు పెట్టాడు. అది తిరిగింది. మూలగలేదు. తెర మీద నీలిరంగు సరస్సు, దాని మీద చిన్న పడవ ప్రత్యక్షమయ్యాయి. సంఘమంతా లేచి చప్పట్లు కొట్టింది. గెర్లోఫ్ కళ్ళు తుడుచుకున్నాడు.

హార్మెన్ మామగారి వంక చూశాడు. ఊబెలె ముఖం వాన వెలిసిన సంతలా వెలవెలబోయి ఉంది. ఆయన అల్లుడి మోచెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళి తలుపేశాడు.

"ఎంత పని చేశావు అల్లుడూ!"

"అదేమిటి మామయ్యా? బాగైందిగా!"

"అదే మరి! అది చెడిపోయిన రోజు నాకెంత హాయిగా ఉందో తెలుసా? బుధవారం వస్తే చాలు, తొమ్మిదింటికల్లా గుమ్మంలో ఉంటారు. చీకటి పడినా కదలరు. చీజు ముక్క మిగల్చరు. పాత స్నేహితులు, రావొద్దని ఏ నోటితో అనను? నాకా, నా పడవేసుకుని ఒంటరిగా సరస్సు మీదికి పోవాలని ఉంటుంది."

"అలాంటప్పుడు నా దగ్గరికెందుకు తెచ్చారు?"

"కొట్టువాడికిస్తే బాగు చేసేస్తాడు కదయ్యా! నీ మీద నమ్మకంతో నీకిచ్చాను."

హార్మెన్‌కు బాధపడాలో నవ్వాలో తేలలేదు. ఆఖరికి నవ్వే వచ్చింది, ఊబెలెకూ వచ్చింది. ఇంతలో హాల్లో గెర్లోఫ్ గొంతు సవరించుకోవడం వినిపించింది.

"మిత్రులారా, ఒక మాట. ఊబెలె ఇంట్లో ఉన్నది ఒక్కటే పెట్టె. ఇక్కడో? ఒకదానికి కన్ను పోతే ఇంకోదాని కన్ను వెయ్యొచ్చు. మెకానిక్కు ఇంట్లోనే ఉన్నాడు. బుధవారాలు ఇకనుంచి ఇక్కడే పెట్టుకుందాం!"

మళ్ళీ చప్పట్లు. "బుధవారం హార్మెన్‌కు సెలవే కూడానూ," అని వీబె ఉత్సాహంగా అందించాడు. ఊబెలె వంటింటి తలుపు తీసి, ఆ రోజు మొదటిసారి అందరి ఎదుటా నోరారా నవ్వుతూ బయటికొచ్చి, అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. తన పెట్టె కోసం వచ్చిన ఫ్రౌక్యెకు గోడవార ఉన్నవాటిలో నచ్చినది ఏరుకోమన్నారు. ఆవిడ అన్నిటికంటే నిగనిగలాడేది పట్టుకుపోయింది. యిక్కె మాత్రం స్నానాలగదిలో దొరికిన మరలను భర్త కాఫీ పక్కన కేకులా పేర్చి పెట్టింది.

బుధవారం పొద్దుగూకే వేళ ఊబెలె సరస్సు నుంచి వస్తూ, కూతురింటి వెనక కాలువలో పడవ ఆపి, అల్లుడి చేతిలో ఒక నిజమైన చేప పెట్టి పోయాడు. లోపల సంఘం ఇంకా రెండో ఆట మొదలుపెడుతోంది.