పట్టుపురుగుల షెడ్డులో పడవ

ఆ ఆదివారం పొద్దున మురళీధర్ పెట్టుకున్న పని చిన్నదే. మంచు విడిచేలోపు బావమరిది పడవను షెడ్డులోకి తోయించడం, ఇంటికొచ్చి వేడివేడి దోసెలు తినడం.

బావమరిది చరణ్‌ది బెంగళూరులో ఉద్యోగం. చెన్నైలో ఎవరో అమ్ముతుంటే ముచ్చటపడి తెరచాప పడవ కొన్నాడు. అపార్ట్‌మెంటువాళ్లు దాన్ని గేటు దాటనివ్వలేదు. దాంతో అది రెండు చక్రాల ట్రైలర్ మీద అక్కగారి ఊరు చౌడేపల్లె చేరింది. పట్టుపురుగుల పెంపకం మానేశాక మురళీధర్ షెడ్డు ఖాళీగా ఉంది. తమ్ముడికి ప్రసన్నలక్ష్మి మాటిచ్చేసింది. ఇక పడవ అందులో పట్టదు అనే మాట ఆ ఇంట్లో చెల్లదు.

పడవ వచ్చినప్పటి నుంచి వీధి కుదురుగా లేదు. మడిచి కట్టిన తెరచాప స్తంభానికి వేలాడే ఇనుప తీగలు గాలి తగిలితే చాలు, జబ్బు మనిషిలా మూలిగేవి. "నీళ్లు లేని ఊరికి పడవ వచ్చిందంటే ఎవురినో ఎక్కించుకోని పోయేదానికే" అని పక్కింటి పాపక్క తేల్చేసింది.

ట్రాక్టరు తోలే హమీద్ పడవను వెనక్కి నెడుతుంటే, మురళీధర్ షెడ్డు లోపల నిలబడి దోవ చెబుతున్నాడు.

"రానీ, రానీ... ఎడమకప్పా!"

"నేను ఎడమకు తిప్పితే అది కుడికి పోతాందన్నా!"

"అయితే కుడికి తిప్పు!"

"యా కుడి? నీదా, నాదా?"

తేలేలోపే పడవ పొట్ట గుమ్మంలో బిగుసుకుపోయింది. పక్కన చెయ్యి దూర్చే సందు కూడా లేదు. మురళీధర్ అరిచిన అరుపులు ఇంజను మోతలో కలిసిపోయాయి. అతని ఫోను ట్రాక్టరు మడ్‌గార్డు మీద ఉంది. హమీద్ దిగి అటూ ఇటూ చూశాడు. అన్న టిఫినుకు పోయాడనుకుని, ట్రైలర్ కొక్కెం విప్పి, జాకీ తెచ్చేందుకు పుంగనూరు వెళ్లిపోయాడు.

మోత మంచులో కరిగిపోయాక షెడ్డులో చీకటీ, మురళీధరూ మిగిలారు. కిర్రుమని చప్పుడైంది. ఎవరూ తోయకుండానే పడవ అంగుళం లోపలికి జరిగింది. కడిగిన నీళ్లు పోవడానికి గచ్చును వెనక గోడవైపు వాలుగా వేయించింది తనేనని అతనికి అప్పుడు గుర్తొచ్చింది. ఆ గోడకే అతను ఆనుకుని ఉన్నాడు.

పడవను రెండుసార్లు గుద్దాడు. డబ్ డబ్. కాసేపటికి అటునుంచి డబ్ డబ్ అని బదులొచ్చింది. హమ్మయ్య, బయట ఎవరో ఉన్నారు! మూడుసార్లు గుద్దాడు. మూడుసార్లు బదులొచ్చింది. పోయిన ప్రాణం లేచొచ్చి, "నన్ను బయటికి తియ్యండీ!" అని కేకేశాడు.

పడవలో ఉన్న చిన్న గది తలుపు అతనివైపు తెరిచి ఉంది. కేక అందులో దూరి, గుండ్రాలు తిరిగి, ముందుభాగాన ఉన్న కంతలోంచి బావిలో మాటలా బయటికొచ్చింది. మొగుణ్ణి దోసెలకు పిలవడానికొచ్చిన ప్రసన్నలక్ష్మి, దిష్టి తీయడానికి పసుపునీళ్ల చెంబుతో వచ్చిన పాపక్క ప్రహరీ దగ్గరే బిగుసుకుపోయారు.

"ఇనబడిందా? తియ్యమంటాంది."

"ఏం తియ్యమంటాందక్కా?"

"ఇంగేముండాది తీసేదానికి, ప్రాణమే!"

"మా ఆయన యాడా కనపడలేదక్కా..." ప్రసన్నలక్ష్మి ఏడుపందుకుంది.

లోపల పడవ ఇంకో అంగుళం జరిగింది. ఇక లాభం లేదని మురళీధర్ పడవ గదిలోకి పాకాడు. ఉప్పునీటి వాసన. చల్లగా, తడిగా ఏదో కాలికి చుట్టుకుంది. తాడై ఉంటుందిలే అనుకుని, చూడకుండా విదిలించుకున్నాడు. గోడ సున్నమంతా అంటిన తెల్లటి తలను కంతలోంచి బయటికి పెట్టాడు. భుజాలు వచ్చాయి. పొట్ట రాలేదు.

మంచులో పడవకు తల మొలవడం చూసి పాపక్క కెవ్వుమని చెంబెడు నీళ్లు గుమ్మరించింది. పసుపూ సున్నమూ కలిస్తే ఏమవుతుందో తెలిసిందే. తల ఎర్రగా, కారుతూ, "ప్రసన్నా, నేనేనే!" అంది.

ఆ విసుగు ప్రసన్నలక్ష్మి మొగుడికి తప్ప వేరెవరికీ రాదు. ఆమె ఏడుస్తూనే పరుగెత్తి చంకల కింద చేతులేసి లాగింది. పాపక్క ఆమె నడుం పట్టుకుని లాగింది. పొట్ట కదల్లేదు.

"తీరిగ్గా లాగండి" అన్నాడు మురళీధర్, ఆయాసపడుతూ. "లోపలినించి తడితే మీరు బదులు తట్టినారు గదా, ఆ ధైర్యంతోనే ఇంతదూరం వస్తిని."

"ఎవురు తట్టినారు?" అంది పాపక్క. "మేము ఆ ప్రహరీ కాడినించి ఇప్పుడేగా వచ్చింది."

"అయితే హమీదు."

"వాడు ట్రాక్టరేసుకోని పుంగనూరు దోవన పోతాంటే సూస్తిని, ఇంగా రాలేదు" అంది ప్రసన్నలక్ష్మి.

మురళీధర్ నడుము నుంచి కింది భాగమంతా ఇంకా పడవలోనే ఉంది. సరిగ్గా అతని పాదాల దగ్గర, నెమ్మదిగా, మర్యాదగా చప్పుడైంది. డబ్ డబ్ డబ్.

ఇద్దరు ఆడవాళ్లు లాగినా రాని పొట్ట, పిసికిన పండులోంచి చింతగింజలా జారి బయటపడింది.

అప్పుడే హమీద్ జాకీతో దిగాడు. "ఇంగొక్క తోపు తోస్తే అయిపోతాదన్నా. ఎవురన్నా లోపలుండి వెనక సూస్తాంటే సాలు."

ఆ పనికి చౌడేపల్లెలో ఇంతవరకూ ఎవరూ ముందుకు రాలేదు.