కుడివైపు జేబు

సోమవారం పొద్దున్న తాళాలాయన పెట్టుకున్న పని ఒక్కటే. తోడల్లుడి కంటే ఒక్క మాట ఎక్కువగా పేపర్లో పడాలి.

పేపరంటే మరీ పెద్ద పేపరు కాదు. ఆ పేటలో ప్రతి గురువారం ఇంటింటికీ ఊరికే పంచే నాలుగు పేజీల కాగితం. ఏ వీధికి నీళ్లు రావు, ఎవరి పిల్లి తప్పిపోయింది, ఏ మేడలో లిఫ్టు ఆగింది, అన్నీ అందులో ఉంటాయి. చివరి పేజీ మూలన 'మన వీధి మనిషి' అని ఒక గడి. గడిలో ఫొటో, ఫొటో కింద నాలుగు మంచి మాటలు. పోయిన వారం ఆ గడిలో దర్జీ కూర్చున్నాడు. దర్జీ అంటే తాళాలాయన భార్యకు చెల్లెలి మొగుడు. ఉండేది ఒకే వీధి, ఎదురెదురు కొట్లు.

ఆ ముక్కను కత్తిరించి ఫ్రిజ్ తలుపుకి అంటించింది ఎవరో కాదు, తాళాలాయన సొంత భార్యే. చల్లటి నీళ్ల కోసం వెళ్లినప్పుడల్లా దర్జీ పళ్లన్నీ బయటపెట్టి ఎదురొస్తున్నాడు. నాలుగు రోజులుగా తాళాలాయన కుళాయి నీళ్లే తాగుతున్నాడు.

"మా మరిదిని 'ప్రముఖ దర్జీ' అని వేశారు, చూశారా?" అంది భార్య.

"చూశాను. పద్నాలుగు మాటలు. లెక్కపెట్టాను కూడా. ప్రముఖుడట, ప్రముఖుడు! జేబు ఏ వైపు కుట్టాలో తెలీదు వాడికి. లోకమంతా ఎడమవైపు కుట్టుకుంటే, పదిహేనేళ్లుగా నా చొక్కాలన్నిటికీ కుడివైపే తగిలిస్తున్నాడు."

"మరి ఇన్నేళ్లూ ఒక్క మాట అనలేదేం?"

"మరదలి మొహం చూసి ఊరుకున్నాను" అంటూ కుడివైపు జేబులోంచి ఎడమచేత్తో తాళంచెవి తీసుకుని మెట్లు దిగాడు.

పేపరు ఆఫీసు జిరాక్సు కొట్టు పైన ఒకే గది. వార్తలు రాసేది, అచ్చు వేయించేది, సైకిలు మీద పంచేది అన్నీ పత్రికాయనే. రెండు రోజులు కష్టపడి రాసుకొచ్చిన కాగితం తాళాలాయన అతని ముందు పెట్టాడు.

'సుప్రసిద్ధ తాళాల మేస్త్రి. ఎడమ చేతివాటం. ఈ వీధిలో ఆయన తెరవని తలుపు లేదు. చప్పుడు చెయ్యరు. క్షణంలో పని ముగిస్తారు.'

ఆ ఎడమచెయ్యి మీద అతనికి ఒక మమకారం. దానితో పలక మీద రాశాడనే బళ్లో మాస్టారు బెత్తం విరిగేలా కొట్టాడు. అయిదో తరగతిలో చదువు ఆగిపోయింది, చెయ్యి మాత్రం ఆగలేదు. ఇరవై ఆరేళ్లుగా ఇంటిల్లిపాదికీ అన్నం పెడుతున్నది ఆ చెయ్యే.

పత్రికాయన పెన్ను మొనతో లెక్కపెట్టాడు. "పదహారున్నాయండీ. గడిలో పదిహేనే పడతాయి. ఆ 'సుప్రసిద్ధ' తీసేద్దామా?"

"ప్రాణం పోయినా వద్దు! వాడికి 'ప్రముఖ' వేశారు. నాకు అంతకంటే బరువైనది ఉండాల్సిందే."

"పోనీ 'ఆయన' తీసేద్దాం."

"బాగుంది! నా గురించి వేస్తూ నన్నే తీసేస్తారా?"

పత్రికాయన ఫోను మోగింది. తప్పిపోయిన పిల్లి ఎక్కడో దొరికిందట. అతను ఫోనులో పిల్లి రంగు అడుగుతుండగా తాళాలాయన కాగితం మీదికి వంగి, గుండె రాయి చేసుకుని, ఒక మాట మీద వేలు పెట్టాడు.

"ఎడమ తీసెయ్యండి. చెయ్యంటే చెయ్యే కదా, ఎడమైతేనేం, కుడైతేనేం?"

"తెల్లటిదా, మచ్చలున్నాయా?" అంటూనే పత్రికాయన 'ఎడమ' కొట్టేశాడు.

గురువారం పేపరు వచ్చింది. ఫొటో గుర్తింపు కార్డులోది. అందులో తాళాలాయన నేరం ఒప్పుకుని, పశ్చాత్తాపం మాత్రం పడని మనిషిలా సూటిగా చూస్తున్నాడు. కింద పదిహేను మాటలు. మూడుసార్లు లెక్కపెట్టుకుని, నలభై కాపీలు చంకన పెట్టుకుని, ముందుగా రోడ్డు దాటి దర్జీ కొట్టుకే వెళ్లాడు.

"చదువు తమ్ముడూ. తొందర లేదు, తీరిగ్గా చదువు."

దర్జీ చదివాడు. నోట్లో పట్టుకున్న గుండుసూదులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేశాడు. "అన్నయ్యా, అచ్చుకిచ్చే ముందు ఇది మీరు చూసుకున్నారా?"

"చూసుకోవడమేంటి? దగ్గరుండి వేయించాను."

"అది కాదన్నయ్యా. ఈ చేతివాటం అన్న మాట..."

"కడుపుమంటకి మందు లేదు తమ్ముడూ. మజ్జిగ తాగు" అని తాళాలాయన తర్వాతి గుమ్మం ఎక్కాడు.

ఆ పూట వీధిలో ప్రతి మొహం మీదా అతనికి అసూయే కనిపించింది. పాల కొట్టాయన పేపరు చదివి గల్లాపెట్టె మూశాడు. 'ఓర్వలేడు' అనుకున్నాడు తాళాలాయన. మేడ మీది టీచరమ్మ చదివి, భుజాన ఉన్న సంచిని ఒళ్లోకి లాక్కుంది. 'చదువుకున్నవాళ్లకి మరీ కుళ్లు' అనుకున్నాడు.

అతని కొట్టు గోడ మీద ఒక చెక్కపలక, దానికి ముప్పై రెండు మేకులు ఉన్నాయి. ఇంట్లో తాళంచెవి మరిచిపోయి తలుపు లాగేసుకోవడం ఆ వీధివాళ్లకి అలవాటు. అందుకని అందరూ తమ రెండో తాళంచెవిని అతని దగ్గరే ఉంచేవారు. కొట్టుకి పేరు బోర్డు లేదు. ఉన్న పరువంతా ఆ పలకే.

పదకొండింటికి టీచరమ్మ వచ్చింది. "మా తాళంచెవి ఒకసారి ఇస్తారా?"

"మళ్లీ మరిచిపోయారా?"

"లేదండీ, గుర్తొచ్చింది."

తర్వాత పాల కొట్టాయన వచ్చాడు. తర్వాత వరసగా అందరూ. మధ్యాహ్నం మూడయ్యేసరికి పలక మీద ఒక్క తాళంచెవే మిగిలింది. అది అతని సొంత ఇంటిది.

"ఇవన్నీ ఎక్కడ పెట్టుకుంటారు?" అని చివరగా వచ్చినామెను అడిగాడు.

"టైలరు గారి దగ్గర పెట్టామండీ. మీకెందుకు శ్రమ?"

తాళాలాయన తలెత్తి చూశాడు. ఎదురు కొట్లో దారపు ఉండల పక్కన, కొక్కేనికి, ముప్పై ఒక్క తాళంచెవులు గలగలమంటున్నాయి. అతని కళ్లలో నిప్పులు పోసినట్టయింది. అటూ ఇటూ చూడకుండా రోడ్డు దాటాడు.

"నా పక్కలో బల్లెమా! ఫొటో పడింది, చాల్లేదు. ప్రముఖుడివయ్యావు, చాల్లేదు. ఇప్పుడు నా మేకులు కూడా కావాల్సొచ్చాయా నీకు?"

"అన్నయ్యా, వాళ్లే తెచ్చి పెట్టారు. వద్దంటే వేరే ఎవరికో ఇస్తారని..."

తాళాలాయన వినలేదు. కొక్కెం మీది గుత్తి మొత్తం ఎడమచేత్తో లాక్కుని వెనక్కి తిరిగాడు. గుమ్మంలో కానిస్టేబుల్ నిలబడి ఉన్నాడు. అతని వెనక వీధి వీధంతా ఉంది. నాలుగేళ్ల కిందట మాయమైన గోడగడియారం, ఆరేళ్ల కిందట పోయిన సైకిలు పంపు, అన్నీ ఆ మధ్యాహ్నమే గుర్తొచ్చినవాళ్లు అందరికంటే ముందున్నారు.

"చేతివాటం ఉన్న మేస్త్రి ఎవరయ్యా?" అన్నాడు కానిస్టేబుల్.

ఎంత కోపంలో ఉన్నా పొగిడితే కాదనే మనిషి కాదు తాళాలాయన. "నేనే సార్! పుట్టుకతో వచ్చింది."

"పుట్టుకతోనా?"

"మా నాన్నకీ ఉండేది సార్. మా అమ్మాయికీ వచ్చింది."

"ఇంటిల్లిపాదీనా!" కానిస్టేబుల్ చిన్న పుస్తకం తీశాడు. "ఎవరూ మాన్పించలేదా?"

"బళ్లో మాస్టారు బెత్తం విరిగేదాకా కొట్టాడు సార్. మానితేనా! ఇదిగో, ఇప్పటికీ ఏ పనైనా దీంతోనే" అని ముప్పై ఒక్క తాళంచెవులున్న చెయ్యి గర్వంగా పైకెత్తాడు.

"ఒప్పుకోడానికి ఇంత ఉత్సాహపడేవాణ్ని నా సర్వీసులో చూడలేదు. పద స్టేషనుకి. దొంగబుద్ధికి మాస్టారు బెత్తం చాలదు."

"దొంగబుద్ధేంటి సార్?"

"మరి చేతివాటం అంటే ఏంటి? భరతనాట్యమా?"

ఆరోజు పొద్దుటి నుంచి చూసిన మొహాలన్నీ ఒక్కొక్కటిగా మళ్లీ తాళాలాయన కళ్ల ముందు తిరిగాయి. ఈసారి వాటిలో అసూయ కనిపించలేదు. చేతిలో గుత్తి ఒక్కసారిగా బరువెక్కింది.

"సార్, ఒక్క నిమిషం" అన్నాడు దర్జీ. మిషను కింది అరలోంచి అంచులు నలిగిన కొలతల పుస్తకం తీసి, ఉమ్మి తడితో పేజీలు తిప్పి, కానిస్టేబుల్ ముందు పెట్టాడు. "పదిహేనేళ్ల కిందట మొదటిసారి కొలతలు తీసుకున్నప్పటిది. చదవండి."

కానిస్టేబుల్ అందరికీ వినపడేట్టు చదివాడు. "అన్నయ్య. చేతి పొడవు ఇరవై మూడున్నర. ఎడమచేతివాటం. జేబు కుడివైపు కుట్టాలి, ఎడమచేతికి అందేట్టు."

వీధంతా తాళాలాయన చొక్కా వైపు చూసింది. తాళాలాయన కూడా చూసుకున్నాడు. పదిహేనేళ్లుగా వేసుకుంటున్న జేబుని మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

"ఇన్నాళ్లూ చెప్పలేదేం తమ్ముడూ?" అన్నాడు, గొంతు తగ్గించి.

"చెప్పేదేముందన్నయ్యా. చెయ్యి అందుతోంది కదా."

కానిస్టేబుల్ నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. టీచరమ్మ అందరికంటే ముందు గుత్తిలోంచి తన తాళంచెవి తీసుకెళ్లి మేకుకి తగిలించింది. చీకటి పడకముందే పలక నిండింది. గోడగడియారం సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

పత్రికాయనకు మనసు పీకింది. మరుసటి గురువారం గడిని రెట్టింపు చేసి సవరణ వేశాడు. ఫొటో దర్జీది. కింద 'తోడల్లుడి పరువు నిలబెట్టిన సుప్రసిద్ధ దర్జీ' అని మొదలుపెట్టి ముప్పై మాటలు. అందులో తాళాలాయన వంతుకి వచ్చింది 'తోడల్లుడి' అన్న ఒక్క మాట.

భార్య దాన్ని కూడా కత్తిరించి మొదటి ముక్క పక్కనే అంటించింది. తాళాలాయన ఫ్రిజ్ ముందు చాలాసేపు నిలబడ్డాడు. చింపుదామని లేచిన ఎడమచెయ్యి, దారి తెలిసినదానిలా, తిన్నగా వెళ్లి కుడివైపు జేబులో దూరింది.

"ఎంత మంచివాడండీ మా మరిది!" అంది భార్య వెనక నుంచి.

"మంచివాడే" అన్నాడు తాళాలాయన. "జేబు మాత్రం అర అంగుళం కిందికి కుట్టాడు."